చల్లారని సంచి: మురుగు స్లడ్జి కంపోస్టులో ఒక వైఫల్యం, దాని దిద్దుబాటు

సంచి మూతి విప్పి లోపలికి చెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది. ఎక్కడో తప్పు జరిగిందని తెలియడానికి నాకు ఆ వెచ్చదనం చాలు. ఆరు వారాల కిందట ప్రయోగశాల పరీక్షలో నెగ్గి, జల్లెడ పట్టించుకుని, సంచులకెక్కిన కంపోస్టు అది. బాగా మాగిన కంపోస్టు చుట్టూ ఉన్న గాలి ఎంత వేడో అంతే ఉంటుంది. సంచిలో తనంతట తాను వేడెక్కిందంటే లోపల సూక్ష్మజీవులు ఇంకా మేత మేస్తున్నాయన్న మాట. మట్టివాసన రావలసిన చోట ముక్కు పొడిచే అమ్మోనియా. దాన్ని వెనక్కి పంపిన నర్సరీ యజమాని పెద్దగా ఏమీ అనలేదు. "నారు పాలిపోయిందండీ" అన్నాడు, అంతే.

ఆ సంచి పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ పోతే మూడు తప్పులు బయటపడ్డాయి. ఒకటి కుప్పలో, ఒకటి మురుగు కాలువలో, ఒకటి పొలంలో. మూడూ ఒకే జాతివి. కొలవడం ఎక్కడ సులువో అక్కడ కొలిచి, ఆ అంకె మొత్తానికీ వర్తిస్తుందని నమ్మాం.

ముందు మా మురుగునీటి శుద్ధి కేంద్రం గురించి నాలుగు మాటలు. సుమారు 50 వేల మంది ఇళ్ల మురుగునీరు మాకు వస్తుంది, రోజుకు 75 లక్షల లీటర్లు. మొదటి తొట్టిలో అడుక్కి దిగే మడ్డి, ఆ తర్వాత గాలి ఊదే తొట్టిలో సూక్ష్మజీవులు పెరిగి మిగిల్చే మడ్డి, రెండూ (స్లడ్జి అంటే ఈ మడ్డే) కలిసి చిక్కబడి, రేణువులను గుంపుకట్టించే పాలిమర్ కలుపుకుని బెల్టు ప్రెస్ మీదికి వస్తాయి. అక్కడ నీరు పిండేశాక మిగిలేదాన్ని మేం కేక్ అంటాం. పేరుకే కేక్, అందులో నూటికి 80 పాళ్లు నీళ్లే. రోజుకు 15 టన్నుల కేక్ దిగుతుంది. నీరు తీసేసి చూస్తే అసలు సరుకు 3 టన్నులు. ఇదంతా ఒకప్పుడు చెత్త పూడ్చే స్థలానికి వెళ్లేది. ఆ స్థలం నిండవచ్చాక కంపోస్టు మాట వచ్చింది. కాల్చే కొలిమి ఈ పరిమాణానికి గిట్టుబాటు కాదు. సున్నం కలిపితే క్రిములు చస్తాయి గానీ బరువు పెరుగుతుంది, పైగా పీహెచ్ దిగివచ్చాక కంపు తిరిగొస్తుంది. గాలి తగలకుండా మడ్డిని అరగబెట్టే మూసిన తొట్టి, అంటే వాయురహిత డైజెస్టర్, అన్నిటికన్నా మంచి దారి అని ఇప్పటికీ నా అభిప్రాయం, కానీ దాన్ని కట్టేదాకా రోజూ దిగే 15 టన్నులు ఆగవు. అందుకే పొడవాటి కుప్పలు పోసి తిరగేసే పద్ధతి ఎంచుకున్నాం.

ప్రమాణంగా అమెరికా పర్యావరణ సంస్థ 1993లో తెచ్చిన 503వ భాగం నిబంధనలు పెట్టుకున్నాం. జనం చేతికి వెళ్లే ఎ తరగతి సరుకుకు, కుప్పల పద్ధతిలో, 55 డిగ్రీలు గానీ అంతకు పైన గానీ కనీసం 15 రోజులు వరసగా ఉండాలి, ఆలోగా కుప్పను కనీసం ఐదుసార్లు తిరగెయ్యాలి. దానితో పాటు గ్రాము పొడి సరుకులో మల కోలిఫాం (మలంలో ఉండే, రోగక్రిములు మిగిలాయేమోనని చూపే బాక్టీరియా) సంఖ్య 1,000 లోపు ఉండాలి, లేదా 4 గ్రాములకు సాల్మొనెల్లా అనే రోగక్రిమి 3 లోపు ఉండాలి. రోజూ అంకెలు రాసుకునే మా లాగ్‌బుక్ తీస్తే అంతా సవ్యమే. ఉదయం 61, మర్నాడు 63, ఆ మర్నాడు 62. కుప్ప దించిన రోజు కోలిఫాం వెయ్యి లోపు.

వెనక్కి వచ్చిన బ్యాచిలో మూడు వేరువేరు సంచుల నుంచి నమూనాలు తీసి మళ్లీ పంపించాను. సాల్మొనెల్లా లేదు. కోలిఫాం రెండు లక్షలు దాటింది.

ప్రయోగశాలను తప్పుపట్టడం ఇలాంటప్పుడు అందరికీ తోచే మొదటి ఆలోచన, నాకూ తోచింది. రెండో ప్రయోగశాల నుంచి కూడా అదే స్థాయి అంకె వచ్చాక నిబంధన మళ్లీ చదివాను. అన్నేళ్లుగా కళ్లముందే ఉన్న మాట ఒకటి అప్పుడు గట్టిగా కనబడింది. కోలిఫాం లెక్క సరుకు వాడే నాటిది గానీ, అమ్మకానికో పంపిణీకో సిద్ధం చేసే నాటిది గానీ కావాలి. మా చేతిలో ఉన్నది కుప్ప దించిన రోజుది. మధ్యలో సరుకు ఆరు వారాలు షెడ్డులో ఉంది.

నడుమ వేడి, అంచున చలి

ఉష్ణోగ్రత తీసే కుర్రవాడి వెంట ఒక ఉదయం నేనూ వెళ్లాను. మీటరు పొడవు కడ్డీ థర్మామీటర్ తీసుకుని ఒక్కో కుప్ప దగ్గరా తిన్నగా ఒకే చోటికి వెళ్తున్నాడు. అక్కడ నిన్నటి రంధ్రం ఉంది. మొన్నటిదీ అదే. కడ్డీ దిగి దిగి దాని గోడ నున్నబడింది. "ఇక్కడ తేలిగ్గా దిగుతుందండీ, పక్కన చెక్క అడ్డం వస్తుంది" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేను. ఎక్కడ గుచ్చాలో మేం ఎప్పుడూ రాసి ఇవ్వలేదు.

ఆ రోజు ఒకే కుప్పలో 12 చోట్ల కొలిచాం. నడిగర్భంలో 62 డిగ్రీలు. పైపొర నుంచి ఒక జానెడు లోపల 48. కుప్ప పాదం దగ్గర, కాంక్రీటు నేలకు ఆనుకున్న చోట, 39. క్రిములు చావడం అటుంచి, అవి హాయిగా బతికే వేడి అది.

అంచు పలచనిదే కదా, ఎంత సరుకు ఉంటుందిలే అనుకుంటాం. లెక్క వేసి చూస్తే అది పొరపాటు. మా కుప్ప అడ్డకోత త్రిభుజం అనుకోండి, అడుగు వెడల్పు 3 మీటర్లు, ఎత్తు మీటరున్నర. అన్ని వైపులా కేవలం ఆరేడు సెంటీమీటర్ల పొర ఒలిస్తే మొత్తం సరుకులో ఐదో వంతు ఆ పొరలోనే వచ్చేస్తుంది. అంటే ఏ క్షణంలో చూసినా కుప్పలో తక్కువలో తక్కువ 20 శాతం చలిలోనే ఉంటుంది. తిరగెయ్యడం అన్నది ఈ 20 శాతాన్ని లోపలికి, లోపలున్నదాన్ని బయటికి మార్చడానికే. గాలి ఆడటానికి కూడా అది పనికొస్తుంది గానీ, క్రిముల విషయంలో అసలు పని ఈ చోటు మార్పిడి.

ఐదుసార్లే ఎందుకో నాకు ఈ లెక్కతో బోధపడింది. ప్రతి తిరగేతలో సరుకు బాగా కలుస్తుందనుకుంటే, ఒక రేణువు ఒక విడత చలిపొరలో పడే అవకాశం ఐదింట ఒకటి. ఐదుసార్లు తిరగేస్తే ఆరు విడతలు. ఆరు విడతలూ చలిలోనే గడిపే సరుకు 0.2ను ఆరుసార్లు గుణిస్తే వచ్చేంత, అంటే లక్షకు సుమారు ఆరు పాళ్లు. పచ్చి కేక్‌లో గ్రాముకు కోటి కోలిఫాం ఉన్నాయనుకుంటే, వేడి తగలని ఆ కొసరు వల్ల సగటున గ్రాముకు 640 మిగులుతాయి. వెయ్యి లోపే. మూడుసార్లే తిరగేస్తే నాలుగు విడతలు, పదివేలకు పదహారు పాళ్లు, గ్రాముకు 16,000. రెండు తిరగేతల తేడాకు నెగ్గడం, ఓడటం తారుమారవుతాయి. నిబంధన రాసినవారు ఈ లెక్కే వేశారని నేననను. కానీ యార్డులో "ఒకటి తగ్గితే ఏమవుతుంది" అని ఎవరైనా అడిగితే నేను బోర్డు మీద వేసి చూపించేది ఇదే.

ఇదంతా బాగా కలిస్తేనే. మా లోడర్ బకెట్ కుప్పను ఒక పక్క నుంచి ఎత్తి పక్కన కుమ్మరిస్తుంది. పాదం దగ్గరి సరుకు చాలావరకు మళ్లీ పాదం దగ్గరికే చేరుతుంది. రంగుపొడి చల్లి చూశాం. అంచున చల్లిన పొడిలో చెప్పుకోదగ్గ భాగం తిరగేశాక కూడా అంచునే కనబడింది. పుస్తకంలో ఐదని రాసి ఉన్నా, చలిపొరకు సంబంధించినంత వరకు అవి రెండో మూడో.

కుప్పలు అంచున అంత చల్లగా ఉండటానికి వేరే కారణం కూడా ఉంది, తేమ. పచ్చి కేక్ ఒక్కటే కుప్ప పోస్తే అది ముద్దలా కూర్చుంటుంది, గాలి దూరదు. అందుకే చెక్కతునకలు కలుపుతాం. అవి కర్బనం ఇస్తాయి, అంతకు మించి కుప్పలో ఖాళీలు ఇస్తాయి. టన్ను కేక్‌లో 800 కిలోలు నీరు. దానికి 30 శాతం తేమ ఉన్న తునకలు 700 కిలోలు కలిపితే మొత్తం తేమ 60 శాతం లోపుకు వస్తుంది. సూక్ష్మజీవులకు కావలసింది 50 నుంచి 60. కొలతగా చూస్తే ఒక బకెట్ కేక్‌కు రెండున్నర బకెట్ల తునకలు. మొదట్లో అలాగే కలిపేవారు. తునకల సరఫరా సన్నగిల్లిన కాలంలో ఎవరూ ఏ కాగితం మీదా రాయకుండానే అది ఒకటిన్నరకు దిగింది. అప్పుడు తేమ 65 శాతం. చూడటానికి ఐదారు శాతం తేడా. గుప్పెట్లో పట్టి పిండితే మాత్రం వేళ్ల సందుల్లోంచి నీరు కారుతుంది. ఆ నీరు కుప్పలో గాలి ఉండాల్సిన సందుల్లో కూర్చుంటుంది, వేడి పుట్టడం మందగిస్తుంది, మధ్యలో కుళ్లిన గుడ్డు వాసన మొదలవుతుంది.

చచ్చినవి ఎలా తిరిగొచ్చాయి

అంచున మిగిలినవి కొన్ని వేలనుకున్నా, రెండు లక్షలు ఎక్కడివి? కుప్ప దించిన రోజు నమూనా నడుమ నుంచి తీశారు కాబట్టి అది శుభ్రంగా ఉంది సరే. ఆ తర్వాత సంఖ్య పెరిగిందన్నది మాత్రం ఖాయం.

ఇందులో రెండు విషయాలు కలిసి పనిచేశాయి. మొదటిది, విత్తనం. లోడర్ ఒక్కటే. పొద్దున పచ్చి కేక్ ఎత్తిన బకెట్‌తోనే మధ్యాహ్నం తయారైన కంపోస్టు ఎత్తుతున్నారు. పచ్చి కేక్ గట్టు ఎత్తున ఉంది, నిల్వ షెడ్డు పల్లాన ఉంది. వాన కురిసినప్పుడు పచ్చి గట్టు కడిగిన నీళ్లు నిల్వ కుప్పల అడుగున పారుతున్నాయి. యార్డు గీసినప్పుడు వాలు ఎటుందో చూడకుండా లోడర్‌కు ఏది దగ్గరో చూసి షెడ్డు కట్టారు.

రెండోది, మేత. కేక్‌లోని తేలిగ్గా అరిగే సేంద్రియ పదార్థం అంతా అయిపోలేదు. మాగబెట్టే దశను మేం నాలుగు వారాల నుంచి పది రోజులకు కుదించాం, స్థలం చాలక. వేడిలో రోగక్రిములతో పాటు వాటితో పోటీపడే సూక్ష్మజీవులూ చాలావరకు చస్తాయి. మేత మిగిలి, పోటీ లేక, తేమ ఉన్న సరుకులోకి బకెట్ అంచున అంటుకున్న పచ్చి మడ్డి ఒక చారెడు చేరితే చాలు. బాగా మాగిన కంపోస్టులో అదే చారెడు పడినా పెద్దగా ఏమీ జరగదు. మేత ఉండదు, ఉన్న చోటంతా వేరే జీవులు ఆక్రమించుకుని ఉంటాయి. 503 నిబంధనల్లో క్రిములను చంపడం ముందు గానీ, స్థిరపరచడంతో (మిగిలిన మేతను అరగబెట్టడంతో) పాటు గానీ జరగాలి, తర్వాత కాదు అని ఒక వరస ఉంది. చాలామందికి అది కాగితాల చాదస్తంలా కనిపిస్తుంది. స్థిరపరిచాక చంపితే పోటీ లేని ఖాళీ స్థలం మిగిలి, మొదట చేరినది రాజ్యమేలుతుంది. మేం వరస తప్పలేదు, కానీ రెండో పని సగంలో ఆపేశాం. ఫలితం దాదాపు అదే.

నారు పాలిపోవడానికీ మూలం ఇదే. సగం మాగిన కంపోస్టు కుండీలోకి వెళ్లాక కూడా అరుగుతూనే ఉంటుంది. ఆ పని చేసే జీవులు నత్రజనిని తమకోసం పట్టుకుంటాయి, వేరు దగ్గర ప్రాణవాయువును లాగేస్తాయి, అమ్మోనియా లేతవేళ్లను కాలుస్తుంది.

మాగిందో లేదో తేల్చడానికి ప్రయోగశాలలో శ్వాసక్రియ కొలిచే పరీక్షలున్నాయి. మేం యార్డులోనే చేయగలిగినది ఒకటి పట్టుకున్నాం, ఫ్లాస్కు పరీక్ష. వెడల్పు మూతి ఉన్న, వేడి పోనివ్వని ఫ్లాస్కులో సరైన తేమతో కంపోస్టు నింపి, థర్మామీటర్ దించి, వేడి శిఖరానికి చేరేదాకా కొద్ది రోజులు చూస్తారు. గది కన్నా 10 డిగ్రీల లోపు పెరిగితే బాగా మాగినట్టు, 10 నుంచి 20 అయితే ఇంకా కొంచెం కావాలి, 20 దాటితే అది సంచికెక్కదగ్గ సరుకు కాదు. వెనక్కి వచ్చిన సంచిలోది 27 డిగ్రీలు పెరిగింది. ఆరు వారాల తర్వాత!

మార్పుల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, అన్నీ మొరటు పనులే. మిశ్రమం మళ్లీ ఒకటికి రెండున్నర. తునకలు చాలకపోతే ఆ రోజు కుప్ప పొయ్యకూడదు, కేక్ ఆగాలి. జల్లెడ మీద మిగిలిన తునకలు తిరిగి వాడుకుంటే కొత్తవాటి అవసరం బాగా తగ్గుతుందని ముందే చూడాల్సింది. కుప్ప కింద ఒక పొర తునకలు, పైన జానెడు మందాన పాత కంపోస్టు దుప్పటి. ఈ దుప్పటి నాకు బాగా నచ్చిన మార్పు. చలిపొర ఎలాగూ ఉంటుంది కాబట్టి, అది పచ్చి సరుకు కాకుండా ఇదివరకే వేడి తిన్న సరుకు అయ్యేలా చూడటం. పైగా వాసన కూడా అందులోనే చాలావరకు ఆగిపోతుంది. తిరగేసేటప్పుడు ముందు పాదాలను గీకి పక్కన పెట్టి, కొత్త కుప్ప నడుమ పొయ్యాలి. ఉష్ణోగ్రత 12 చోట్ల, అందులో అన్నిటికన్నా తక్కువైనదే పుస్తకంలోకి. రెండు బకెట్లు, పచ్చిదానికి ఎరుపు, తయారైనదానికి పచ్చ. పచ్చి గట్టు చుట్టూ కాలువ తీసి, ఆ నీళ్లను తిరిగి కేంద్రం మొదటికి పంపడం. మాగబెట్టడం కనీసం నాలుగు వారాలు, ఆ పైన ఫ్లాస్కు చెప్పేదాకా.

లాగ్‌బుక్‌లో అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. 62లు పోయి 51, 53, 55 వచ్చాయి. పైవాళ్ల నుంచి "పద్ధతి మార్చాక పనితీరు దిగజారిందేమిటి" అని ప్రశ్న వచ్చింది. జవాబు రాయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

రాత్రిపూట వచ్చే జింకు

కంపోస్టు కుదుటపడ్డాక లోహాల నివేదికలు తీరిగ్గా ముందేసుకున్నాను. కేక్‌లో జింకు కిలో పొడి సరుకుకు 800 మిల్లీగ్రాముల దగ్గర ఉండేది, ఏడాదిన్నరలో 2,200కు చేరింది. 503లో మంచి నాణ్యత సరుకుకు జింకు హద్దు 2,800. యూరప్ 1986 నాటి స్లడ్జి ఆదేశంలో సభ్యదేశాలకు ఇచ్చిన పరిధి 2,500 నుంచి 4,000. "హద్దులోనే ఉన్నాం కదా" అని సహోద్యోగి అన్నాడు. ఉన్నాం. కానీ ఆ గీత వైపు నడుస్తున్న వేగం ఏ హద్దులోనూ లేదు. పైగా కంపోస్టు అయ్యేకొద్దీ సేంద్రియ పదార్థం గాలిలో కలిసిపోతుంది, లోహం కదలదు. చెక్కతునకల నుంచి వచ్చే పొడి కొంత పలచన చేసినా, కిలోకు లెక్క పెరిగే ప్రమాదం ఉంది. అందుకే లోహాన్ని కంపోస్టులో కాక కేక్‌లో వెతకాలి. నిజానికి కేక్‌లో కూడా కాదు.

పెరిగిన 1,400 మిల్లీగ్రాములను రోజుకు 3,000 కిలోలతో గుణిస్తే 4.2 కిలోల జింకు. జింకులో చాలా భాగం మడ్డిలోనే చిక్కుతుంది కాబట్టి, ఎవరో రోజూ నాలుగు కిలోల పైచిలుకు జింకును కాలువలోకి వదులుతున్నారు. 75 లక్షల లీటర్లలో అది లీటరుకు అర మిల్లీగ్రాము పెరుగుదల. వచ్చే నీటిని మేం నెలకోసారి, పొద్దున పదింటికి, ఒక సీసాతో ముంచి పరీక్షిస్తాం. పదింటికెందుకంటే ప్రయోగశాల బండి పదకొండింటికి వస్తుంది.

కాలువల్లో వెతకడానికి నీటి నమూనాకన్నా నమ్మకమైనది మ్యాన్‌హోల్ గోడకు పట్టిన జిగురు. నీళ్లు పోతాయి, జిగురు ఉంటుంది. వారాల తరబడి తన మీదుగా పారిన లోహాన్ని పట్టి దాచుకుంటుంది. ప్రధాన గొట్టాలు కలిసే చోట్ల గోడలు గీకి చూసుకుంటూ, జింకు ఎక్కువున్న కొమ్మ పట్టుకుని ఎగువకు నడిచాం. నాలుగో విడతలో చిన్న చిన్న లోహపుపూత పనిశాలలున్న ఒక సందు దగ్గర ఆగాం. పేర్లు ఇక్కడ అనవసరం.

ఆశ్చర్యమేమిటంటే వాళ్లు శుద్ధి చేస్తూనే ఉన్నారు. కడుగునీళ్లలో సున్నం వేసి జింకును అడుక్కి దించి, పైనీళ్లు వదులుతున్నారు. కాకపోతే ఎంత సున్నం వేస్తే అంత శుభ్రమని నమ్మి గుప్పెళ్లతో వేస్తున్నారు. జింకు పీహెచ్ 9, 10 మధ్య బాగా గడ్డకట్టి అడుక్కి దిగుతుంది. ఇంకా పెంచుకుంటూ పోతే మళ్లీ కరుగుతుంది. అది ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. వాళ్ల తొట్టిలో పీహెచ్ 12 దగ్గర ఉంది. అంత శ్రమపడి దించినదాన్ని వాళ్లే మళ్లీ కరిగించి, రాత్రి పని ముగిశాక వదులుతున్నారు. పీహెచ్ కాగితం చూపించి, సున్నం తగ్గించమంటే మొదట నమ్మలేదు. నీళ్లు తేటబడటం కళ్లతో చూశాక నమ్మారు. సున్నం ఖర్చు తగ్గడం అంతకన్నా బాగా నచ్చింది. కొన్ని నెలల్లో కేక్‌లో జింకు 1,000 దగ్గరికి దిగింది. గొట్టాల్లో పేరుకున్నది కడుక్కుపోవాలి కాబట్టి ఒక్క రోజులో దిగదు.

కాలువలో కలిశాక లోహాన్ని వేరు చేసే తెలివైన యంత్రాల గురించి అమ్మకందారులు తరచూ వస్తుంటారు. వాళ్లకు ఆ జిగురు గీకిన చెంచా చూపించాలనిపిస్తుంది.

పొలానికి ఎంత

ఇక్కడ తప్పు మాది మాత్రమే కాదు, ఈ రంగంలో చాలామందిది. పంటకు నత్రజని ఎంత కావాలో చూసి, దానికి సరిపడా కంపోస్టు వెయ్యమంటాం. మా కంపోస్టు పొడి టన్నులో నత్రజని 20 కిలోలు, భాస్వరం 15 కిలోలు అనుకోండి. కంపోస్టు నత్రజనిలో మొదటి ఏడు పైరుకు అందేది పదో వంతు లెక్కన, టన్నుకు 2 కిలోలు. హెక్టారుకు 100 కిలోలు కావాలంటే 50 టన్నులు. దానితో పాటు 750 కిలోల భాస్వరం నేలలోకి వెళ్తుంది. పంట ఏడాదికి 20 కిలోల భాస్వరం తీసుకుంటే అది 37 ఏళ్ల సరుకు, ఒక్క విడతలో. వానకు కొట్టుకుపోయిన మట్టితో అది చెరువుకు చేరితే నీళ్లు పచ్చబడి నాచు కమ్ముకుంటుంది. మురుగునీటిలోంచి భాస్వరాన్ని కష్టపడి తీసేది నీళ్లలో ఆ నాచు రాకూడదనే కదా.

లోహం వైపు నుంచి చూసినా అంతే. జింకు 1,000కి దిగిన తర్వాత కూడా 50 టన్నులతో హెక్టారుకు 50 కిలోల జింకు పడుతుంది. యూరప్ ఆదేశంలో పదేళ్ల సగటున ఏడాదికి హద్దు 30.

కాబట్టి భాస్వరంతో లెక్క మొదలుపెట్టాం. మూడేళ్లకోసారి 4 టన్నులు. భాస్వరం 60 కిలోలు, మూడు పంటలకు సరి. జింకు 4 కిలోలు. నత్రజని చాలదు, అది వేరే ఎరువుతో ఇవ్వాలి. పొటాష్ కూడా, ఎందుకంటే అది నీటిలో కరిగి శుద్ధి అయిన నీళ్లతోనే వెళ్లిపోతుంది, స్లడ్జిలో పెద్దగా మిగలదు. "మరి ఇది ఎరువెలా అవుతుందండీ?" అని ఒక రైతు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మట్టికి జీవం పోసే కర్బనం, నిదానంగా అందే భాస్వరం అని చెప్పాను. సంచి మీద రాసిన "సంపూర్ణ ఎరువు" అన్న మాట ఆ వారమే తీయించాను.

భాస్వరం తొలగించడానికి ఇనుప లవణాలు వాడే కేంద్రాల్లో ఈ లెక్క కొంత మారుతుంది. ఇనుము పట్టుకున్న భాస్వరం అంత తేలిగ్గా కరగదు, చెరువుకు ముప్పు తగ్గుతుంది, పంటకూ నెమ్మదిగానే అందుతుంది. మేం ఇనుము వాడం.

ఇదంతా చేసినా మా చేతిలో లేనివి కొన్ని ఉన్నాయి. నీటినీ నూనెనూ అంటనివ్వని పూతల్లో వాడే పీఫాస్ రసాయనాలు కంపోస్టు వేడికి విరగవు, ఎన్నిసార్లు తిరగేసినా అలాగే ఉంటాయి. వీటి భయంతోనే అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2022లో స్లడ్జిని పొలాలకు వెయ్యడం నిషేధించింది. స్విట్జర్లాండ్ అంతకు ముందే, 2006 నాటికి, ఆ దారి మూసేసింది. జర్మనీ 2017 నియమాల ప్రకారం పెద్ద కేంద్రాలు స్లడ్జి నుంచి భాస్వరాన్ని విడిగా రాబట్టాలి, లక్ష జనాభాకు సమానమైన భారం దాటినవాటికి గడువు 2029. మాలాంటి చిన్న కేంద్రానికి ఆ దారి ఇప్పట్లో అందదు. నేను చేయగలిగింది ఎగువన ఏ కొత్త పరిశ్రమ కాలువకు కలుస్తున్నా దాని రసాయనాల జాబితా అడగడం. పీఫాస్ వాడేదైతే కలపనివ్వకూడదని రాతపూర్వకంగా కోరాను. నిర్ణయం ఇంకా రాలేదు.

ఇప్పుడు ప్రతి బ్యాచి నుంచి ఒక సంచి పక్కన పెట్టి, ఆరు వారాల తర్వాత విప్పి పరీక్షకు పంపుతున్నాం. మార్పుల తర్వాత ఇంతవరకు ఒక్కటే తప్పింది. ఫ్లాస్కు 24 డిగ్రీలు పెరిగింది, కోలిఫాం కూడా వెయ్యి దాటింది. ఆ బ్యాచి దించిన వారంలో ఎర్ర బకెట్ మరమ్మతుకు వెళ్లిందని, పచ్చ బకెట్‌తోనే రెండు పనులూ చేశారని ఆరా తీస్తే తెలిసింది. సంచులన్నీ విప్పించి, సరుకును పచ్చి గట్టు వైపుకు తోయించి, కొత్త కేక్‌తో పాటు మొదటి నుంచి కుప్ప పోయించాను. మరమ్మతు నుంచి తిరిగొచ్చిన బకెట్ మీద ఎరుపు వెలిసిపోయి ఉంది. రంగు డబ్బా తెప్పించాను.